అతుకు ఊడని విల్లు

"అవ్వా, కవితక్కకు విల్లు చేసిచ్చినవ్ గద, గా ముచ్చట మొత్తం చెప్పు. ఫోన్ల రికార్డు పెట్టిన."

పెట్టినవా? ఆగు, కొంగు సర్దుకోని... ఆఁ, మొఖం పడదా? మాటలేనా? మరి ముందుగాల చెప్పద్దా!

గా కవిత ఎవరంటే, మన ఇబ్రహీంపట్నం మార్కెట్ల చేపలమ్మే లక్ష్మి లేదా, ఆమె బిడ్డ. బడిల విల్లు పట్టుడు నేర్సింది. మస్తు గురి పిల్లది. ఇగ నెల రోజులల్ల పోటీలనంగ ఉన్న ఒక్క విల్లు పగిలింది. లక్ష్మి మన యాదగిరి దుకాణానికి ఉరికింది. యాదగిరి తెలుసు గద, మీ తాత తమ్ముని కొడుకు, మన్నెగూడ కాడ తలుపులు చేస్తడు.

వాడు "గిదెంత పని" అని పచ్చి ఎదురుబొంగు తెచ్చి, రేకుల మీద వారం రోజులు ఎండకేసిండు. నేను పోయి చెప్పిన, "ఓరి, గట్ల ఎండకేస్తె పైపైన ఎండుతది, లోపట పచ్చిగనే ఉంటది, అతుకు నిలువదురా" అని. "పెద్దమ్మా, నువ్వు జర కూసో. గిది మొగోళ్ల పని" అన్నడు. కూసున్న.

వాడు రెండు బద్దలు అతికి విల్లు చేసిచ్చిండు. పిల్ల ఆ విల్లు నిండా గుంజిందో లేదో, నడుమ అతుకు ఫట్టుమని ఊడి ముక్క చెంపకు తాకింది. దవాఖానల మూడు కుట్లు ఏసిండ్రు. జరంత పైకైతె కన్నే పోతుండె. "ఇగ విల్లొద్దు గిల్లొద్దు" అని లక్ష్మి ఒకటే లొల్లి. గా పిల్ల మాత్రం చెంపకు పట్టీతోనే నా దగ్గరికొచ్చింది. ఏడువలే, సూడు. "అవ్వా, తాత విండ్లు చేస్తుండెనంట గద. నీకు వస్తదా?" అన్నది.

రాకేం! మీ తాత చెక్కుతుండె. ఎండవెట్టుడు, అతుకుడు నాదే. గప్పుడు అడివిల షికారుకు పోయెటోళ్లు కొనుక్కపోదురు. బొంగు ఎనిమిదణాలే... కాదు కాదు, అణాలు మా నాయిన కాలం. రూపాయి ఉండె.

అలవాటు పోక, మూడేండ్ల కింద బొంగులు చీల్పిచ్చి వంటింట్ల అటుక మీద పెట్టిన. నీడకు, పొగ తగిలేటట్టు, కొసలకు పేడ పూసి. అట్లయితె నిమ్మలంగ ఎండుతది, పగులదు. తీసి ఏలితోని కొట్టి చూసిన. పచ్చిదైతె బొద్దుమంటది. గిది కణకణమన్నది, బిడ్డా!

రెండు బద్దలు నడుమ కలువాలె. ఒకదానికి చేప తోక లెక్క చీలిక, ఇంకోదానికి మొన. రెండిటి నడుమ ఎంటిక కూడ దూరద్దు. అబద్ధమెందుకు, మూడు సార్లు చెడగొట్టిన, నాలుగోసారి కుదిరింది. తోళ్లు ఉడకవెట్టిన బంక ఉంటది గద, సరేసు, గది ఏడేడిగ పూసి, దారం బిగ్గ చుట్టి, పన్నెండు దినాలు ముట్టలే. కవిత రోజొచ్చి "ఇయ్యాల ఇస్తవా అవ్వా?" అంటది. "ముట్టుకుంటె చెయ్యి ఇరగ్గొడ్త" అన్న.

ఇచ్చే ముందు యాదగిరిని పిలిచిన. పిల్ల చెంప మళ్ల పగులద్దు గద. "నువ్వు మొగోనివి గద, గుంజురా" అన్న. ఇరవై సార్లు గుంజిపిచ్చిన, చెమటలు కారినయ్ వానికి. అతుకు కిర్రుమంటె ఒట్టు! విల్లు కిందవెట్టి, "పెద్దమ్మా, తప్పయింది. నాకు నేర్పు" అన్నడు. నేర్పిన తియ్యి, ఇప్పుడు వాని అటుక మీద కూడ బొంగులున్నయ్.

పోటీలు బడంగ్‌పేట్‌లనో మీర్‌పేట్‌లనో, యాదికి లేదు. యాదగిరి గుంజుడు చూసినంక లక్ష్మి లొల్లి బందైంది, ఆమె, నేను ఆటోల పోయినం. ఆఖరుకు ఇద్దరే మిగిలిండ్రు, ఒక్కటే బాణం. కవిత గుంజింది. నేను బాణం దిక్కు చూడలే, అతుకు దిక్కే చూసిన. వంగింది, నిలిచింది. లక్ష్మి నా భుజం పట్టుకోని కేక పెడితె గప్పుడు తెలిసింది, నడిమిట్ల పసుపచ్చ గుండ్రంల దిగిందని. ఫస్టు! సారు మైకుల "విల్లు ఏడ కొన్నవమ్మా?" అంటె, గా పిల్ల ఉరికొచ్చి నన్ను లేపి నిలవెట్టింది. "కొనలే సార్, మా అవ్వ చేసింది!" అన్నది. ఎంతమంది చప్పట్లు కొట్టిండ్రు! నేను కూడ కొట్టిన, ఏం చెయ్యాల్నో తెల్వక.

నువ్వేంది, ఏడుస్తున్నవా నవ్వుతున్నవా? దగ్గరికి రా. నువ్వు పట్టిన పని నీ చేతికి గట్లనే లొంగాలె బిడ్డా, ఎవ్వరు కూసోమన్నా కూసోకు. నూరేండ్లు సల్లగ బతుకు. ఇగ ఆపు గది, గొంతు ఎండింది...