దూడనే ముందు

స్వీడన్ ఉత్తరాన ఒక వంటింట్లో, వేటమాంసంతో నిండిన ఫ్రీజర్ ముందు తండ్రీ కూతురూ.

“నా మనవరాలు తూవాకి సోయా ఉండలా? ఎక్కడో బ్రెజిల్‌లో అడవి కొట్టి పండించినవి! ఇది మన అడవిలో మేసిన దుప్పి దూడ. మందుల్లేవు, ప్లాస్టిక్కూ లేదు.”

“నాకూ ఇదే మంచిదనిపిస్తోంది నాన్నా. కానీ తూవా ముట్టనంటోంది.”

“మొన్న లొట్టలేసుకుంటూ తిందిగా!”

“నిన్న నువ్వే దానికి చెప్పావుగా, తల్లిని కొడితే దూడ దిక్కులేనిదవుతుంది, అందుకే ముందు దూడనే కొడతామని.”

“అదే వేటలో ధర్మం!”

“మరి తల్లి ఏం చేస్తుందమ్మా అని పొద్దుటినుంచీ ప్రాణం తీస్తోంది. ఏం చేస్తుంది నాన్నా?”

“మర్నాడు… అక్కడికే వచ్చి నేల వాసన చూస్తుంది.”

“అయ్యో.”

“పారేస్తే ఆ దూడ ఊరికే చచ్చినట్టవుతుంది. వండితే ఎవరం తింటాం? ఆ సోయా ఉండలు ఎలా వేయిస్తారో చూపించమ్మా.”