నందిగామలో చార్జింగ్

జగ్గయ్యపేటలో పొద్దున్నే, ఇంజను తీసేసి బ్యాటరీ బిగించిన పాత బండి చుట్టూ భర్త కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే, ఆయన రాసిన ప్రయాణం కాగితం ఆమె చేతికొచ్చింది.

“సూర్యలంక బీచ్ దాకా వెళ్లేవాళ్లం, నందిగామలోనే మొదటి చార్జింగ్ రాశారేంటండీ?”

“బ్యాటరీ బండి. దారిలో ఆగిపోతే సీసాలో పోసుకురాలేంగా.”

“ముప్పై కిలోమీటర్లకేనా? ఎవరింట్లో పెడతారు?”

“మా అన్నయ్యింట్లో.”

“పొలం గట్టు దగ్గర గొడవయ్యాక ఆరేళ్లుగా ఆ వీధిలోకే వెళ్లలేదు మీరు.”

“పెట్రోలు బండికి అక్కడ ఆగే పనేముంది? దీనికైతే నాలుగు గంటలు కూర్చోవాలి. భోజనం వేళ కూడా అవుద్ది.”

ఆమె కాగితం మడిచి ఆయన మొహంలోకి చూసింది.

“ఒకసారి చార్జింగ్ పెడితే వంద కిలోమీటర్లు వస్తుందని నిన్ననేగా చెప్పారు.”

“నీకు చెప్పా. అన్నయ్యకి తెలీదుగా.”