నాలుగో నంబరు ఫారం

ఆదాయప్పన్నుకు సిన్న ఫారమా? నాకా? ఏం మాటమ్మా అది ప్రమీలా! మెల్లగన్నా అను, తలుపవతల మా వియ్యంకుడు జయరాం కూర్చోనుండాడు.

ఆదోనిలో పరుపులు కుట్టే ఈ బజారి అంటే ఎవరనుకుంటివి? నువ్వు పుట్టకముందు హొళగుంద నుంచి ఒక గౌడు వచ్చినాడు. ఏండ్ల తరబడి నిద్దర పట్టని మనిషి. నేను కుట్టిన పరుపు మీద నడుం వాల్చినాడు, అంతే! ఇత్తనం ఏసేటప్పుడు పండుకున్నోడు శనక్కాయ పీకేటప్పుడు లేసినాడు. ఇంట్లోవాళ్లు ఏడ్సేకి సుట్టాల్ని గూడా పిలిపించుకొనిరి. నవ్వొద్దు. ఆయప్పనే అడుగుదామంటే, మళ్లా పండుకున్నాడు.

ఇంగోసారి నేను ఏకిన దూది గాలికి లేసిపోయి పెద్దకడుబూరు పైన నిలబడినాది. మబ్బు పట్టిందని రైతులు ఎద్దుల్ని కట్టిరి!

అట్లాంటోనికి సిన్న ఫారమంట, దాని పేరు సుగమ్ అంట, సుగమ్! జ్వరమొచ్చినోనికి పోసే గంజి పేరు మాదిరుండాది. పెద్దది తియ్యి తల్లీ. జయరాం ఏసేది అదే. ఎమ్మిగనూరులో బట్టలంగడి ఆయప్పది. మా యశోదను వాళ్లింటికిచ్చినప్పట్నించి వింటాండా: "మాది పెద్ద ఫారం బావా, మాకు ఆడిటరుండాడు." ఉగ్గాని తింటా అదే మాట, సెయ్యి కడుగుతా అదే మాట. పోయిన నెల మనవని పుట్టెంటికల కాడ నాకు నోరాగలేదు. "ఈ తడవ మాదీ పెద్దదే బావా" అంటి. అంటే ఊరుకోవల్ల కదా మనిషి? "ఏదీ, సూస్తాం పద" అని పొద్దున్నే బస్సు దిగినాడు!

ఏమంటివి? పెద్దదానికి కొనిందీ అమ్మిందీ అంగట్లో మిగిలిందీ, అన్నిటికీ లెక్కలు రాసుండల్లనా? ఉండాయి తల్లీ, అన్నీ ఈడ తలకాయలో ఉండాయి. దీన్ని మిషనులో పెట్టి తీసుకోగూడదా?

సరే, అమ్మకం ఎంతో నువ్వే బాగా పెద్దగా ఏసేయ్. సిగ్గుపడాకు. ఏమీ? ఏసిందానికంతా పన్ను కట్టల్లనా? అమ్మందానికి గూడానా? అబద్ధానికి పన్నేందమ్మా! ఇన్నేండ్లూ ఊరికే వస్తాండె కదా.

అట్ల సూడాకు. నీ ముందర బ్యాంకోళ్ల కాగితం ఉండాదని నాకు తెలుసు. ఫోనులో పడిన దుడ్లన్నీ దాంట్లో ఉండాయనీ తెలుసు.

తలుపు దగ్గరికెయ్యి. ఇంగా... ఆ, సాలు.

దూది ఏకే మిషను మోటరు కాలిపాయ. కొత్తదానికి బ్యాంకోళ్లు లోను ఇయ్యాలంటే ఈ రిటర్ను కాగితం తెమ్మనిరి. మంచికాలం వచ్చినప్పుడు వస్తాదిలే అని ఊరుకుందునేమో, కానీ నేనూ నా పెండ్లాం ఉచ్చీరమ్మా ఇప్పుడు కట్టెలు పట్టుకోని దూది కొడతాండాం. ఆయమ్మకు ఉబ్బసం. నోటికి గుడ్డ కట్టుకోని కొడతాది. దగ్గొచ్చినప్పుడు నాకు ఇనపడకూడదని గోడ ఎనక్కి పోతాది. గోడకు నా మాదిరి మాటల్తో కప్పిపెట్టేది రాదు కదా, అన్నీ ఇనిపిస్తాది.

కొత్త పరుపులా? ఎవరు కుట్టించుకుంటాండారమ్మా! అందరికీ ఆ పసుపుపచ్చ స్పాంజీ కావల్ల. ఇంటికి సుట్టాలొస్తే పాత దిండ్లు తెచ్చి ఏకిచ్చుకుంటారు, అంతే. ఈ ఏడు కొత్తగా కుట్టింది ఒకటే, మనవని ఉయ్యాలలోకి. దానికి దుడ్లు తీసుకోలేదు. అది గూడా రాయల్లనా? వద్దా? మంచిదిలే.

నీకు దూది సంగతి తెల్దు. పిడికెడు ఏకితే గంపెడైతాది. సూసేటోళ్లకి కొండ. తక్కెట్లో ఏస్తే మళ్లా పిడికెడే. నా నోరూ అంతే తల్లీ, ఏకి ఏకి ఇంతకాలం కొండ సేస్తి. నువ్వేమో తక్కెడ ఎత్తుకోని కూచుంటివి.

రాయి. సిన్నదే రాయి. ఉండేది ఉండేట్టు రాయి. మిషను వస్తే సాలు, ఆ జయరాం నవ్వుతే నవ్వనీ. నవ్వితే ఆయప్ప పండ్లే కదా బయటపడేది.

ఆగాగు. సుగమ్ కింద ఆ అంకె ఏంది? నాలుగా? నాది నాలుగో నంబరా? మరి జయరాంది?

మూడా!

పెద్దోళ్లకు మూడు, సిన్నోళ్లకు నాలుగా? ఏ మహానుభావుడు సదివించినాడమ్మా వాళ్లకు లెక్కలు, సల్లగుండా!

లేదులే, నువ్వేం అబద్ధం సెప్పొద్దు. నేనూ సెప్పను. తలుపు మాత్రం తెరువు తల్లీ. బాగా తెరువు.

బావా! ఓ జయరాం బావా! నీది మూడే కదా?