బావ జేబులో కత్తి

బస్సు డిపోలో పనిచేసే ఒక మెకానిక్కు జేబులో ఎప్పుడూ ఒక మడత కత్తి ఉండేది. పేరుకు కత్తే గాని, విప్పితే అదొక చిన్న సంసారం. ఒక పక్క కత్తి, ఇంకో పక్క రంపం, మధ్యలో పట్టకారు, స్క్రూడ్రైవరు, కత్తెర, సీసా మూత తీసే కొక్కెం, ఆఖరికి పళ్ళు కుట్టుకునే పుల్ల కూడా. చొక్కా మారినా ప్యాంటు మారినా కత్తి మారేది కాదు. పెళ్ళికెళ్ళినా చావుకెళ్ళినా ఆయన జేబు ఒక పక్కకి వేలాడుతూనే ఉండేది. ఆ కత్తి కోసిన దానికంటే దాని గురించి ఆయన కోసిన కోతలే ఎక్కువని డిపోలో అందరూ అనేవారు. ఆయన ముందే అనేవారు. ఆయన పట్టించుకునేవాడు కాదు.

డిపో గేటు దగ్గర కాపలా ఆయన బావమరిదిది. వారం కిందట వర్క్‌షాపులో ఇద్దరు మాటా మాటా అనుకుని, ఒకడు జేబులోంచి చాకు తీశాడు. ఎవరి ఒంటి మీదా గీత పడలేదు గాని, కొత్త మేనేజరు గుండె జారిపోయింది. ఇక మీదట ఎవరి జేబులోనూ పదునైనదేదీ గేటు దాటకూడదన్నాడు. గేటు దగ్గర రేకు పెట్టెలో పెట్టి సాయంత్రం తీసుకుపోవాలన్నాడు. కాపలా కాసే బావమరిదిని విడిగా పిలిచి ఇంకో మాట కూడా అన్నాడు.

"మీ బావతో మొదలుపెట్టు. ఆయన ఇస్తే అందరూ ఇస్తారు. ఆయన కత్తితో లోపలికొచ్చాడో, నువ్వు బయటికి పోతావు."

బావమరిదికి ముందు నుయ్యి వెనక గొయ్యి అయింది. ఇటు చూస్తే ఉద్యోగం. అటు చూస్తే అక్క మొగుడు.

పొద్దున్నే గేటు ఎదురుగా టీకొట్టు దగ్గరికి వెళ్ళేసరికి బావ బల్ల మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. పక్కన డ్రైవరు, కండక్టరు. చుట్టూ వర్క్‌షాపు వాళ్ళు టీ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉన్నారు. సంగతి అందరికీ తెలుసు. సగం మంది జేబుల్లో చిన్నదో పెద్దదో ఒక చాకు ఉంది. ఆయన ఏం చేస్తాడా అని చూస్తున్నారు.

"బావా, లోపలికెళ్ళే ముందు అది నాకిచ్చెయ్యి" అన్నాడు బావమరిది మెల్లగా.

"ఇవ్వను."

"ఆర్డరు బావా."

"ఒరేయ్, మీ మేనేజరు నిన్న గాక మొన్న వచ్చాడు. ఈ కత్తి లేకపోతే ఈ డిపోలో ఎంతమంది బతికుండేవాళ్ళు కాదో ఆయనకి తెలుసా? పోనీ నీకు తెలుసా? కూర్చో, చెప్తాను."

కథ అయిపోతే పంతం కాస్త చల్లారుతుందేమోనని బావమరిది కూర్చున్నాడు.

"అప్పుడెప్పుడో మనవాళ్ళందరం పెళ్ళాం పిల్లలతో కొండకెళ్ళామా, ఇదిగో ఈ డ్రైవరన్నే బండి తోలాడు, ఘాట్ రోడ్డు సగం ఎక్కామో లేదో వాన పట్టుకుంది. వాన అంటే అట్లాంటిట్లాంటి వాన కాదు, కుండలతో దిమ్మరించినట్టు. ముందు అద్దం మీద వైపరు ఊడి వేలాడిపోయింది. పక్కన చూస్తే లోయ. నేను దిగాను. కత్తి తీసి, స్క్రూడ్రైవరు విప్పి, తడుస్తూనే బిగించేశాను. అవునా కాదా అన్నా?"

డ్రైవరు టీ ఊదుకుంటూ తలూపాడు. "అవును. అది నిజమే. అది బిగించకపోతే బండి ముందుకి పోనిచ్చేవాణ్ణి కాదు."

అంతే, బావ భుజాలు బెత్తెడు పైకి లేచాయి. ఒక్క నిజం ముందు నడిస్తే దాని వెనక వంద అబద్ధాలు దర్జాగా నడిచొస్తాయి.

"అక్కడితో అయిపోలేదు. పైన కొండకీ కొండకీ మధ్య ఇనపతాళ్ళ వంతెన ఉందా, అందరూ సరిగ్గా నడిమధ్యకి వచ్చాక ఒక తాడు పటుక్కున తెగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" అన్నాడు కండక్టరు.

"ఏమవుతుంది, నేనున్నాను కదా. పట్టకారుతో ఒక కొస పట్టుకున్నా, రెండో కొస కాలితో తొక్కిపట్టా, రెంటినీ కలిపి మెలిపెట్టా. అయినా చాలక మధ్యలో ఖాళీ మిగిలింది. ఆ ఖాళీకి అడ్డంగా నేనే పడుకున్నా. ముసలాళ్ళు, పిల్లలు, వంటసామాను, అందరూ నా వీపు మీంచే నడిచి అవతలకి పోయారు."

"వంటసామాను కూడా నడిచిందా?"

"నువ్వు టికెట్లు చింపుకునేవాడివి, నీకేం తెలుస్తుంది ప్రాణం మీదికొస్తే ఏది నడుస్తుందో. సరే, అవతల ఒడ్డెక్కేసరికి ఎదురుగా చిరుతపులి. ఇంత నోరు తెరుచుకుని నిలబడింది. జనం కళ్ళు మూసుకున్నారు. నేను మాత్రం దాని నోట్లోకి చూశాను. ఎందుకు? మెకానిక్కుని. ఏది తెరిచి కనిపించినా లోపల ఏం పాడైందో చూడ్డం నాకు అలవాటు. చూస్తే వెనక పళ్ళ సందున ఎముక ముక్క ఇరుక్కుంది. పాపం, ఎన్నాళ్ళయిందో తిండి తిని. వెంటనే కత్తిలోంచి పుల్ల లాగి, మెడ కింద గోకుతూ, నెమ్మదిగా కుట్టి ఆ ముక్క బయటికి తీశాను."

టీకొట్టావిడ గ్లాసులు కడుగుతున్నదల్లా ఆగింది. "ఆ పుల్లతోనేనా నిన్న నా కొట్లో కూర్చుని పళ్ళు కుట్టుకున్నావు?"

"కడిగాన్లే." ఆయన గొంతు సవరించుకున్నాడు. "వాన మాత్రం ఆగదు. పైకి చూస్తే కొండ కొనకి మబ్బు ఇరుక్కుపోయింది, ముందుకీ పోదు వెనక్కీ పోదు. చిరుత నా బాధ గ్రహించి వంగి వీపు చూపించింది. ఎక్కాను. కొన దాకా తీసుకెళ్ళింది. రంపం తీసి మబ్బుని అడ్డంగా కోశాను. ఒక ముక్క ఇటు పోయింది, ఒక ముక్క అటు పోయింది, మధ్యలోంచి ఎండ ఫెళ్ళున కాసింది. తడి మబ్బు కదా, రంపానికి సరిగ్గా లొంగలేదు, పెద్ద ముక్క అవతలికి పోయింది. మనకి వానలు తక్కువ, వాళ్ళకి వరదలు, అంతా అందుకే."

ఎవరో పొలమారి దగ్గారు. బావమరిది నవ్వలేకపోయాడు. వర్క్‌షాపు వాళ్ళ మొహాల్లో ఆయన మాటలకి ఒక ధీమా వచ్చేస్తోంది. నమ్మకపోయినా, ఆ పొగరు వాళ్ళకి నచ్చింది.

"ఇట్లాంటి కత్తిని రేకు పెట్టెలో పడేయమంటాడా మీ మేనేజరు?" బావ కత్తి బయటికి తీసి అరచేతిలో పెట్టుకుని అందరికీ చూపించాడు. "వెళ్ళి చెప్పు. ఇన్నేళ్ళూ ఈ చేత్తో ఈ డిపో బస్సులన్నీ బాగుచేశాను. ఒక్కరోజు ఎవరి మీదా చెయ్యెత్తలేదు. ఎవడో చాకు దూస్తే నా జేబు తడుముతారా? తడమనివ్వను. కావాలంటే గేటు మూసుకోండి."

"మేమూ ఇవ్వం" అన్నారు వెనక ఇద్దరు ముగ్గురు.

బావ ఎవరి మీదా చెయ్యెత్తలేదన్న మాట బావమరిదికీ తెలుసు. అందులో అబద్ధం లేదు మరి. బావ మీద చెయ్యి వేసి జేబు లాగడం తనవల్ల కాదు. లాగకపోతే సాయంత్రానికి తనకి ఈ గేటు ఉండదు.

అప్పుడు కనిపించింది అక్క. బావ మర్చిపోయి వచ్చిన క్యారేజీ పట్టుకుని ఆయన వెనకే నిలబడి ఉంది. మబ్బు కోసిన దగ్గర్నుంచీ విన్నట్టుంది.

"ఏ కత్తండీ అది?" అంది.

బావ వెనక్కి తిరిగాడు. "ఇదే."

"ఇది ఆ కొండ ఎక్కనే లేదు కదా." ఆవిడ గొంతులో వెటకారం లేదు, ఇంట్లో ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది. "వైపరు బిగించిన కత్తి ఆ వంతెన మీదే జారి లోయలో పడిపోయింది. అందరూ ముందుకెళ్ళిపోయాక నాకు చూపిస్తానని మీరే తీశారు. పడ్డాక దానికేసే చూస్తూ నడిమధ్యలో కూర్చుండిపోతే, నేను చెయ్యి పట్టుకుని ఇవతలకి తీసుకొచ్చాను. ఇంటికొచ్చాక రెండ్రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఆ మొహం చూడలేక నేను కొనిపెట్టింది ఇది."

టీకొట్టు దగ్గర నవ్వు మొదలైంది. డ్రైవరు గ్లాసు కింద పెట్టి మరీ నవ్వాడు.

"అయితే అన్నా," అన్నాడు కండక్టరు, కళ్ళు తుడుచుకుంటూ, "పులి పన్నూ, మబ్బూ, అంతా కత్తి లేకుండానే చేశావా?"

బావ మొహం ఎర్రబడింది. ఒక గుక్క టీ తాగాడు. గ్లాసు దించేసరికి మళ్ళీ మామూలు మనిషయ్యాడు.

"మరి? వట్టి చేతులతోనే చేశాను. వట్టి చేతులంటే మీరు నమ్మరని కత్తి పేరు చెప్పాను."

బావమరిది లేచి ఆయన ముందుకొచ్చి అరచెయ్యి చాపాడు.

"నేను నమ్ముతున్నాను బావా. వట్టి చేతులతో మబ్బు కోసినవాడివి, సాయంత్రం దాకా నాలుగు బస్సులు చూడలేవా? ఇటివ్వు."

ఈసారి నవ్వు గేటు అవతలికి వినిపించింది. బావ పెళ్ళాం వంక చూశాడు. ఆవిడ క్యారేజీ మూత బిగిస్తోంది. వర్క్‌షాపు వాళ్ళ వంక చూశాడు. అప్పటికే ఒకడు తన చాకు బయటికి తీసి పెట్టె వైపు నడుస్తున్నాడు.

ఆయన కత్తి మడిచి, తుడిచి, బావమరిది చేతిలో పెట్టాడు. "భయపడి ఇస్తున్నాననుకునేరు. నా బామ్మర్ది ఉద్యోగం కోసం ఇస్తున్నాను. సాయంత్రం మీ మేనేజరే స్వయంగా వచ్చి నా చేతికివ్వాలి."

క్యారేజీ అందుకుని, ఛాతీ విరుచుకుని గేటు వైపు నడిచాడు. లోపలికి అడుగు పెట్టబోతూ ఆగి, క్యారేజీతో సహా రెండు చేతులూ పైకెత్తి చూపించాడు.

"పులిని లొంగదీసినవి ఇవి. ఇవి కూడా పెట్టెలో పెట్టమంటాడేమో కనుక్కో."

"చేతుల్తో ఇబ్బంది లేదు బావా," అన్నాడు బావమరిది పెట్టె మూత వేస్తూ, "పదునంతా నీ నోట్లో ఉంది. దానికి సరిపోయే పెట్టె దొరకలేదు."