వాల్తేరు ఇసకలో చెలమ

ప్రొద్దుటూరులో కమాల్ బాషా టీ అంగడి ముందర బల్ల మీద, బళ్లో ఇంగ్లీషు చెప్పే శ్రీపతి అయివారు కూర్చున్నాడంటే, లేచేది అంగడి మూసినాకే. ఆ పొద్దు పక్కన గుడ్డల అంగడి రంగనాయకులు శెట్టి దిగులుగా కూర్చోనుండాడు. కూతురు గౌరికి వాల్తేరులో ఇంగ్లీషు చదివేదానికి సీటొచ్చింది. పంపేదా మానిపించేదా రేపటికల్లా తేల్చాల. పంపాల్సిందేనని ఆ పిల్ల ఇంట్లో అన్నం ముట్టడం లేదు.

"సముద్రమంటేనే నాకు భయం అయివారూ. మీరు ఆడ చదివినోళ్లు గదా, మీరే చెప్పండ" అన్నాడు శెట్టి.

"భయమెందుకప్పా? చెప్తాండా విను. అది దొరలు గాలి మార్చుకునేదానికి ముచ్చటపడి వచ్చే ఊరు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో నేను పోతి. మొదటి దినం ప్రొఫెసరు దొర నన్నొక పద్యం చదవమనె. చదివితి. బాగుందనె. అంతే, గొప్పలు చెప్పుకోను. మర్నాడు నా గొంతు వినాలని పక్క క్లాసులన్నీ మా గదిలోకే వచ్చె. చోటు చాలక దొర నన్ను సముద్రం ఒడ్డుకు పిల్చకపాయ. ఆ తర్వాత ఏమైందో తెలుసునా? నేను నోరు తెరిస్తి, అలలు ఆగిపాయ."

"ఆగినాయా?" అన్నాడు కమాల్ బాషా, గ్లాసులు కడుగుతా.

"నీ పాలు పొంగి గిన్నె అంచు కాడ నిలబడవా బాషా, అట్ల. దూరంగా పోతాండే దొరల సీమ ఓడ ఒకటి నా ఇంగ్లీషు విని, లండన్ వచ్చేసిందనుకోని లంగరేసె. కెప్టెను దిగొచ్చి, దొరా, ఇది లండనేనా అని నన్నడిగె. కాదప్పా, నాది ప్రొద్దుటూరు అంటి. వాడు నమ్మితే గదా! ఓడ జనమంతా దిగి, మాకూ ఇంగ్లీషు నేర్పమని ఇసకలో కూర్చునిరి. సగం మంది దొరసానులే. పొద్దు నెత్తికొచ్చె. అందరికీ నోరెండిపాయ, ఓడలో నీళ్లు అయిపోయుండె. అప్పుడేం చేసినానో తెలుసునా? మనం పెన్నలో తీయమా, అట్ల అలల పక్కనే ఇసకలో చెలమ తీస్తి. మోచేతి లోతుకే నీళ్లు ఊరె, కొబ్బరినీళ్ల మాదిరి తియ్యగా. దొర తాగె, కెప్టెను తాగె, ఓడ పీపాలన్నీ నింపుకోని పాయ. ఇప్పటికీ దాన్ని ప్రొద్దుటూరు చెలమ అనే అంటారు."

శెట్టి టీ గ్లాసు కింద పెట్టినాడు.

"అయివారూ, మా నాయన అస్థికలు కలపను రామేశ్వరం పోయినప్పుడు నేనూ అట్లే తీసినా, అలల పక్కనే. ఏటిగడ్డోళ్లం గదా, దప్పికైతే చెయ్యి ఇసకలోకే పోతాది. ఒక దోసెడు మింగి దినమంతా కక్కుకున్నా. మీరు సముద్రం చూడనేలేదు."

బల్ల మీదోళ్లంతా పడీ పడీ నవ్వినారు. అయివారు భుజం మీది కండువా తీసి మడిచి, మళ్లీ వేసుకున్నాడు.

"గౌరి ఇంగ్లీషు మాత్రం నిజం శెట్టీ. అది నేను నేర్పిందే" అన్నాడు.

శెట్టి మనసు కరిగిపోయింది. "తెలుసు. ఇన్ని కోతలూ నా బిడ్డ కోసరమే గదా కోసినారు. ముగ్గురం పోదాం పదండ. పాప చదువుకుంటాది. మీరు సముద్రం చూసొద్దురు."

అయివారు బల్ల మీద శెట్టి పక్కకు జరిగినాడు. ఆనక శెట్టికొక్కడికే వినబడేట్టు అడిగినాడు.

"నిజంగానే అంత ఉప్పుంటాదా అప్పా?"