ఫైటర్ తిన్నదా?

ఎల్బీనగర్‌లో రెండంతస్తుల ఇల్లు. కింద ఓనరమ్మ అరుణమ్మ, పైన కిరాయికి విజయదుర్గ. అరుణమ్మ మెట్లెక్కి వచ్చింది. కిటికీ దగ్గర గాజు జాడీలో నీలం చేప ఒకటి.

"అయితే దవాఖాన మంచం మీదికెళ్లి మా ఆయన నీకెందుకు ఫోన్ చేసిండు?"

"చెప్పానుగా అరుణమ్మగారూ. చేప తిన్నదా అని అడిగారు."

"చేప?"

"ఇదిగో, ఈ ఫైటర్ చేప. ఇవాళైనా తిన్నదా అని."

"డెంగీ వచ్చి, ప్లేట్‌లెట్లు పడిపోయి, మలక్‌పేట దవాఖానల చేతికి సెలైన్ పెట్టుకొని పండుకున్న మనిషి, కట్టుకున్న పెండ్లాన్ని తిన్నవా అని అడగలే. నీ చేపనడిగిండు."

"అంకుల్‌కి ఇదంటే ఇష్టమండీ. రోజూ పొద్దున వచ్చి..."

"రోజూ పొద్దున?"

"రోజూ అంటే... అప్పుడప్పుడు."

"వాకింగ్ పోతున్న అని చెప్పులేస్కుంటడు. కింద గేటు చప్పుడు గాదు. పైన మెట్ల చప్పుడైతది. నేనేమన్న చెవిటిదాన్నా?"

"ఛ, మీరు అలా అనుకోకండి. మా ఆయన కూడా ఆ టైముకి ఇంట్లోనే ఉంటారు."

"నేనేమనుకున్న? నేనేమన్న అన్ననా? సరే, ఇంతకు తిన్నదా?"

"లేదండీ. అంకుల్ ఆసుపత్రికి వెళ్లిన దగ్గర్నుంచి ఏమీ ముట్టలేదు."

"డబ్బా ఉన్నది గదా, చేపల దాణా?"

"దిల్‌సుఖ్‌నగర్‌లో తెచ్చిందేనండీ. నోట్లోకి తీసుకుంటుంది, తూ అని ఉమ్మేస్తుంది. ఎండు రొయ్యల పొడి వేశాను. ఉడికించిన గుడ్డు వేశాను. అటు తిరిగి కూర్చుంది."

"కొత్తల్లుని లెక్క అలుగుతున్నదే. మరి ఇన్నొద్దులు దేంతోని బతికింది?"

"ఏదో... వేసేవాళ్లం."

"ఏదో అంటే?"

"ఏదో ఒకటి అండీ."

"దుర్గా, నా మొఖం చూసి చెప్పు. బతికున్న పురుగులే తింటది గదా గిది? మా కొడుకు శ్రీకాంత్ ఫోన్ల చూసి చెప్పిండు. దోమ పిల్లలు తింటదంట."

"తింటుంది..."

"ఏడ పెంచుతున్నవ్?"

"నేనా? పెంచడమేంటి?"

"నిన్న మున్సిపాలిటీ సైదులు ఏమన్నడు? గీ డెంగీ దోమ దూరంకెళ్లి రాదు, మంచినీళ్లల్ల, గీ ఇంట్లనే ఏడ్నో పుడుతున్నది అన్నడు. నా ఇల్లు అద్దం లెక్క ఉంటది. మిగిలింది మీ పోర్షనే. బకెట్ల పెట్టినవా? కూలర్ల పెట్టినవా? సైదులును మళ్ల రమ్మన్న. వస్తున్నడు. దొరికిందంటే ఇయ్యాళనే ఇల్లు ఖాళీ చెయ్యాలె."

"పాపకి పదో తరగతి పరీక్షలండీ. ఇప్పుడు పొమ్మంటే ఎక్కడికి పోతాం?"

"మా ఆయన ఏడికి పోతడో గది చెప్పు ముందుగాల."

"అలా అంటే ఎలాగండీ? పోనీ, మీరే వెతుక్కోండి. ప్రతి బకెట్టూ బోర్లించే ఉంది."

"ఎతుకుతా. జరుగు. ...గిదేంది?"

"ఏది?"

"గీ సింకు కాడ. గీ చాయ్ జాలి నాది."

"అలాంటివి బజార్లో బోలెడు..."

"పిడి కాలితే నేనే తీగ చుట్టిన. గిదిగో తీగ. ఎప్పటిసంది ఎతుకుతున్న! నా వంటింట్లకెళ్లి నీ సింకు కాడికి నడుసుకుంట వచ్చిందా?"

"అంకులే తెచ్చారు."

"ఎందుకు?"

"ఏదో పనికండీ."

"ఎందుకంటున్న. మళ్ల గింత పచ్చగెట్లయింది? చాయ్ వడగడితే ఎర్రగైతది. గిది పసుపు."

"అడక్కండి అరుణమ్మగారూ. అంకుల్‌కి మాటిచ్చాను."

"నా మొగనికి నువ్వు మాటిచ్చుడేంది? చెప్పు!"

"పోనీ మీరే చెప్పండి. ఈ ఇంట్లో నీళ్లలో పసుపు వేసేదెవరు?"

"ఎవరేస్తరు? శుక్రారం శుక్రారం నేనే... డాబా మీద... గోలెంల..."

"అదేనండీ, ఆ నీళ్ల తొట్టే."

"ఏయ్. గది మా అత్త గోలెం. గీ జాగల బర్ల కొట్టముండె. బర్లు గా గోలెంలనే కుడితి తాగేటియి. బర్లు పోయినయ్, పొలం ప్లాట్లయింది, గోలెం మాత్రం ఎండనియ్యకు బిడ్డా అని సచ్చేటప్పుడు చెప్పింది. గోలెం ఎండితే ఇల్లెండుతది. పసుపేసినంక అండ్ల పురుగెట్లుంటది?"

"ఉందండీ. అంకుల్ రెండుసార్లు పారబోశారు. మీరు మళ్లీ నింపేశారు."

"పగిలి కారుతున్నదనుకున్న. సిమెంటు గూడ పూసిన."

"చెప్తే మీరు అత్తగారి మాట కొట్టేసినట్టు బాధపడతారన్నారు. అందుకే ఈ చేపని కొన్నారు. ఇది మాది కాదండీ, ఆయనదే. గోలెంలో వేస్తే లక్ష్మి ఉన్నచోట నీసు ఏంటని మీరంటారని మా ఇంట్లో పెట్టారు. రోజూ పొద్దున్నే ఈ జాలితో పురుగులు దేవి, తెచ్చి దీనికి వేసేవారు. వేరే ఏం పెడితే తింటుంది? దానికి అలవాటు చేసిందే అది. మీ కంట పడతానని నేను డాబా ఎక్కలేకపోయాను."

"రోజూ దేవితే... మరి గాయనను దోమెట్ల కుట్టింది?"

"అన్నీ జాలికి చిక్కుతాయా అండీ."

"అరుణమ్మా! నేను, సైదులును! కిరాయోళ్ల పోర్షన్ అన్నవ్ గదా, పైకి రావాల్నా?"

"చెప్పండి అరుణమ్మగారూ. కింద నించున్నాడు."

"సైదులూ! డాబా మీదికి రా. కిరాయోళ్లది గాదు, మాదే. గోలెం బోర్లించాలె, నా ఒక్కదానితోని గాదు."

"అరుణమ్మగారూ..."

"నువ్వేంది గట్ల చూస్తున్నవ్? గా జాలి ఇటు తే. బోర్లించే ముందుగాల గీ చేపకింత దేవి పెట్టాలె. గాయన మళ్ల ఫోన్ చేస్తే తిన్నదని చెప్పాలె గదా."