వరండాను సాగదీసిన సంగతి

పేరు పైన రాసుకున్నారు కాబట్టి మళ్ళీ చెప్పను, ఎస్సైగారూ. వయసు యాభై ఏడు. స్కూలు యూనిఫారాలు కుడతాను. మా ఆయన పోస్ట్‌మ్యాన్‌గా చేసి రిటైరయ్యారు. ఈ రోజు ఉదయం పది గంటలకు ఆసుపత్రి రెండో అంతస్తు వరండాలో జరిగింది జరిగినట్టు చెబుతున్నాను. మధ్యలో ఆపకండి, ఆపితే నాకు కోపం వస్తుంది.

మా ఆయన గుండె బలహీనపడింది. రక్తాన్ని సరిగా తోడలేకపోతోంది, కాళ్ళకు నీరు దిగుతోంది. రాత్రిళ్ళు దిళ్ళకు ఆనుకుని కూర్చునే నిద్రపోతారు. ఈ జబ్బుకు కొత్త మందు మీద ఆసుపత్రిలో పరిశోధన జరుగుతోంది. అందులో చేరాలంటే ఆరు నిమిషాల నడక పరీక్ష పెడతారు. వరండాలో ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి ఎర్ర ప్లాస్టిక్ కోన్లు ఉంటాయి. వాటి చుట్టూ తిరగాలి. ఎక్కువ దూరం నడిచినవాళ్ళకు అంత జబ్బు లేనట్టు లెక్క, వాళ్ళను తీసుకోరు.

పోయిన నెల మా ఆయనను తీసుకోలేదు. ఎందుకు తీసుకుంటారు? ఇంట్లో బాత్రూము దాకా వెళ్ళడానికే ఆయాసపడే మనిషి, నర్సమ్మ చేతిలో గడియారం చూడగానే ఉత్తరాలు పంచేటప్పటిలా దూసుకుపోయారు. "నలుగురి ముందు ఈడ్చుకుంటూ నడవమంటావా? నా పరువేం కావాలి?" అన్నారు. ఆ తర్వాత రెండు రోజులు మంచం దిగలేదు. పరువు ఆయనకు, జాగారం నాకు. కొత్తవాళ్ళను చేర్చుకోవడం ఈ రోజుతో ఆఖరని, ఇంకొక్కసారి నడిపించి చూస్తామని చెప్పారు.

నర్సమ్మ ఈ చివర నిలబడి, గడియారం చూసుకుంటూ రౌండ్లు లెక్కపెడుతోంది. నేను ఆ చివర బెంచీ మీద కూర్చున్నాను. మా ఆయన తిరిగి వెనక్కి మళ్ళగానే కాలితో కోన్‌ను కాస్త అవతలికి తోశాను. మళ్ళీ వచ్చారు, మళ్ళీ తోశాను. దూరం పెరిగితే రౌండ్లు తగ్గుతాయని నా ఆలోచన. ఆయన నడక తగ్గించడం నా వల్ల కాలేదు, అందుకని వరండాను పెంచాను. నర్సమ్మ నిమిషానికోసారి "బాగా నడుస్తున్నారు, అలాగే నడవండి" అంటోంది. విన్నప్పుడల్లా ఒళ్ళు మండింది.

"ఏమే, ఇవాళ ఈ వరండా సాగుతోందేంటి?" అన్నారు మా ఆయన.

"మాట్లాడకండి, ఆయాసం వస్తుంది" అన్నాను.

కోనూ, దాని వెంట నేనూ లిఫ్టు దాకా చేరాం. తలుపు తెరుచుకుని డాక్టరమ్మ దిగారు. కంగారులో కోన్‌ను నా సంచిలో కుక్కేశాను. సగం బయటే ఉంది. తిరగడానికి కోన్ కనబడక మా ఆయన తిన్నగా లిఫ్టులోకి నడిచారు. లిఫ్టు కిందికి వెళ్ళిపోయింది. నర్సమ్మ కేకలు వేసింది, గార్డు పరుగెత్తుకొచ్చాడు.

"సంచిలో ఏముందమ్మా?" అన్నాడు గార్డు.

"యూనిఫారాలు."

"ఏ క్లాసు పిల్లలకమ్మా, ఇంత మొనదేలిన యూనిఫారం?"

దొంగతనమని గార్డు అప్పుడే మీ స్టేషనుకు తేబోతుంటే, పరీక్ష అయ్యాక తీసుకెళ్ళమని డాక్టరమ్మ ఆపారు. నన్ను చీవాట్లు పెట్టి, కోన్లు మళ్ళీ కొలిచి పెట్టించారు. మా ఆయనను కిందినుంచి తీసుకొచ్చి, బాగా విశ్రాంతి ఇచ్చి మళ్ళీ నడిపించారు. ఈసారి నా పక్కన గార్డు కూర్చున్నాడు. కాలు కదపలేదు. మా ఆయన సగంలోనే గోడ పట్టుకుని నిలబడిపోయారు. నా వైపు చూసి, "ఇక నటించలేనే" అన్నారు.

"తీసుకుంటున్నాం" అన్నారు డాక్టరమ్మ. అసలు మందు పడుతుందో, ఉత్త బిళ్ళ పడుతుందో ఎవరికీ తెలియదట. నెలనెలా చూస్తారు కదా, నాకది చాలు. నేను చప్పట్లు కొట్టాను. గార్డు కూడా కొట్టాడు. దేనికి కొట్టానో ఆ తర్వాత తెలిసింది. చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాను.

ఇదంతా నాకు చదివి వినిపించారు, నేను చెప్పినట్టే ఉంది. కోన్ జరిపింది నేనే, ఎవరూ చేయించలేదు. మళ్ళీ జరపనని మాత్రం రాయకండి. సంతకం ఎక్కడ పెట్టాలో తొందరగా చూపించండి. మీ కానిస్టేబుళ్ళు చూస్తున్నారని మా ఆయన బయట గబగబా పచార్లు చేస్తున్నారు, వెళ్ళి కూర్చోబెట్టాలి.

(సంతకం)